పిటిషన్లలో ఉండే ఈ "షెవెత్" ఏంటి? టైపిస్టు తప్పా, నిజంగా ఉన్న మాటేనా?

జూనియర్_వకీలు (గుంటూరు, ప్రస్తుతం ఢిల్లీ)
అందరికీ నమస్కారం. ఇక్కడ ఇంగ్లీషు బాగా తెలిసినవాళ్ళు ఉన్నారు కదా అని అడుగుతున్నా. గుంటూరులో ప్రాక్టీసు చేసి ఈ మధ్యే ఢిల్లీలో ఒక సీనియర్ గారి ఆఫీసులో చేరాను, సుప్రీంకోర్టు పనే ఎక్కువ. ఇక్కడ పిటిషన్లో పార్టీల పేర్లు అయిపోయాక మధ్యలో పెద్దక్షరాలతో "మోస్ట్ రెస్పెక్ట్‌ఫుల్లీ" అని ఉండి పక్కనే ఒక వింత మాట ఉంటోంది. ఎస్ హెచ్ ఈ డబ్ల్యూ, దాని వెనకాల ఈ టీ హెచ్. కొన్ని ఫైళ్ళలో మొదటి ఈ బదులు ఓ ఉంటుంది. నేను గుంటూరులో చూసిన అఫిడవిట్లన్నీ "సాలెమ్‌లీ అఫర్మ్ అండ్ స్టేట్" అనే బాపతే, ఇది ఎప్పుడూ కంటపడలేదు. క్లర్కుని అడిగితే "ఫార్మాట్ సార్, ముట్టుకోవద్దు" అన్నాడు. సీనియర్ గారిని అడగాలంటే భయం. ఇంతకీ దీన్ని షెవెత్ అనాలా షోవెత్ అనాలా షూయెత్ అనాలా? అర్థం ఏంటి? ఈ తీసేసి ఓ పెడితే కొంపలేమన్నా మునుగుతాయా?

తిక్క_శంకరయ్య
ఏ కొంపా మునగదు. తెల్లవాడు వదిలేసి పోయిన చొక్కా, మనం ఇంకా ఇస్త్రీ చేసుకుని తొడుక్కుంటున్నాం. "స్టేట్స్" అని రాసి పడేయండి, జడ్జిగారు అడిగితే నా పేరు చెప్పండి.

కొత్త_చిగురు
మీ పేరు చెప్తే కేసు డిస్మిస్ చేస్తారేమో అంకుల్ 😄

రాజమండ్రి_లెక్చరర్
టైపిస్టు తప్పు కాదు బాబూ. అది మన "షో" నే, చూపించు అనే క్రియ, పాత స్పెల్లింగులో. ఈకారం స్పెల్లింగు, ఓకారం స్పెల్లింగు అని పెట్టుకుందాం, ఈ దారంలో మాట్లాడుకోవడానికి వీలుగా ఉంటుంది. 17, 18 శతాబ్దాల ఇంగ్లీషు పుస్తకం ఏది తెరిచినా ఈకారమే ఎక్కువగా కనపడుతుంది, 19 లో కూడా బాగానే ఉంది, తర్వాత ఓకారం మింగేసింది. చివర ఉన్న "ఎత్" ఏకవచన ప్రథమపురుష ప్రత్యయం, అంటే ఇప్పుడు మనం "షోస్" అని ఎస్ పెట్టే చోట పూర్వం అది పెట్టేవాళ్ళు. హాత్, డోత్ అని షేక్స్‌పియర్ లో చదువుకుని ఉంటారు, అదే. కాబట్టి మీ మాటకి అర్థం "చూపుచున్నది", కోర్టు భాషలో "తెలియజేసుకొనునది".

అసలు మూలం ఇంకా తమాషాగా ఉంటుంది. పాత ఇంగ్లీషులో ఈ క్రియకి అర్థం చూపించడం కాదు, చూడటం! జర్మన్ వాళ్ళకి ఇదే ధాతువు "షౌఎన్" అని ఇప్పటికీ చూడటమనే అర్థంలోనే ఉంది. ఇంగ్లీషులో మాత్రం 1200 ప్రాంతానికి చూసేవాడి దగ్గర్నించి చూపించేవాడి వైపు తిరిగిపోయింది. మనకైతే చూచు వేరు, చూపు, చూపించు వేరు, ప్రత్యయం తగిలించగానే ప్రేరణార్థకం తయారు. వాళ్ళకి ఆ సదుపాయం లేక ఉన్న మాటనే బోర్లా తిప్పుకున్నారు.

జూనియర్_వకీలు
మేడమ్ చాలా థాంక్స్ అండి. మరి పలకడం?

రాజమండ్రి_లెక్చరర్
షో-ఎత్. రాత ఏదైనా పలుకు షో నే. ఇది నా సొంత కవిత్వం కాదు, 1755 లో డాక్టర్ జాన్సన్ నిఘంటువు వేసినప్పుడు ఈ మాట దగ్గర ప్రత్యేకంగా రాశాడు. జనం తరచుగా ఈకారంతో రాస్తున్నారు గానీ ఎప్పుడూ పలికేది మాత్రం షో అనే, అందుకని నేను స్పెల్లింగుని ఉచ్చారణకి తగ్గట్టు మార్చాను, డచ్చి మాట కూడా ఇటే ఉంది అని. అంటే 270 ఏళ్ళ క్రితమే తేలిపోయిన తగాదా. ఇంకా నమ్మకం కుదరకపోతే కుట్టడం అనే మాట చూడండి, ఎస్ ఈ డబ్ల్యూ రాసి "సో" అంటామా లేదా? ఆ ఈకారం ఓ లాగా పలకడం ఇప్పటికీ మన మధ్యే బతికుంది.

డాలస్_బావ
మేడమ్, ఒక్క మాట. ఎప్పుడూ షో నే అంటే నేను ఒప్పుకోను. ఇంగ్లీషు కవి మిల్టన్ తనకి ఇరవై మూడో ఏడు దాటిపోయిందని బాధపడుతూ రాసిన సానెట్ ఒకటి ఉంది కదా, అందులో నా వసంతంలో మొగ్గా పువ్వూ ఏమీ కనపడటం లేదు అనే పాదం చివర ఇదే మాట "ఎత్" ని కుదించి పెట్టాడు. దానికి ప్రాస ఏం కుదిర్చాడో చూడండి, యూత్, ట్రూత్! అంటే ఆయన దాన్ని షూత్ అనే అన్నాడు, లేకపోతే అంత్యప్రాస చెడిపోతుంది. మిల్టన్ చెవి అంత మొద్దు చెవి కాదు.

రాజమండ్రి_లెక్చరర్
భలే పట్టారు. అవును, అది 1630ల నాటి పద్యం, జాన్సన్ కి వందేళ్ళకి పైగా ముందు. పాత ఇంగ్లీషులో ఆ మాట మధ్యలో రెండచ్చులు కలిసి ఉండేవి, ఊనిక మొదటి అచ్చు మీద పెట్టినవాళ్ళ నోట్లో అది "ఫ్యూ, డ్యూ" ల దారి పట్టింది, రెండో దాని మీద పెట్టినవాళ్ళ నోట్లో షో అయింది. రెండూ చాలాకాలం పక్కపక్కనే నడిచాయి. చివరికి జరిగిందేమిటంటే పలుకు ఒక వర్గం దగ్గర్నించి వచ్చింది, రాత ఇంకో వర్గం దగ్గర్నించి వచ్చింది, ఈకారం రాసి ఓకారం పలకడం అలా మిగిలింది. నా "ఎప్పుడూ" జాన్సన్ గారి "ఎప్పుడూ" లెండి, ఆయన కాలం మాట.

డాలస్_బావ
అమెరికా వాళ్ళకి షూ అనగానే ఎడ్ సలివాన్ గుర్తొస్తాడు, 1948 నుంచి 1971 దాకా టీవీలో ఆదివారం షో నడిపాడు. "రియల్లీ బిగ్ షో" అనబోతే షూ లాగా వినపడేదని మిమిక్రీ వాళ్ళంతా ఆయన్ని ఆడుకున్నారు. దానికీ మిల్టన్ కీ సంబంధం లేదు, ఆయన నోటి వాటం అంతే. కానీ ఆ వెక్కిరింపుని కాగితం మీద పెట్టాలంటే అందరూ రాసేది మాత్రం ఈ ఈకారం స్పెల్లింగే!

నెల్లూరు_స్తుతి
మా ఇంట్లో నాన్నగారి కింగ్ జేమ్స్ బైబిల్ ఉంది, దాన్నిండా ఈ స్పెల్లింగే. 19వ కీర్తన మొదటి వచనంలో అంతరిక్షము ఆయన చేతిపనిని ప్రచురపరచుచున్నది అని తెలుగులో చదువుతాం కదా, ఆ "ప్రచురపరచుచున్నది" దగ్గర అక్కడ ఉండేది జూనియర్ గారు అడిగిన మాటే, ఎత్ తో సహా. 1611 లో వేసిన అనువాదం అది. చిన్నప్పుడు నేను ఆ మాటలో మొదటి మూడక్షరాలు చూసి "షీ" అని చదివితే నాన్నగారు నవ్వేవారు.

ఇంకోటి, బైబిల్లో దేవుని గుడారంలో బల్ల మీద పెట్టే రొట్టెలకి కూడా ఇదే స్పెల్లింగుతో పేరు. మన తెలుగు బైబిల్లో నిర్గమకాండంలో సన్నిధి రొట్టెలు, మత్తయి 12 లో సముఖపు రొట్టెలు. లేవీయకాండం ప్రకారం పన్నెండు రొట్టెలు, ప్రతి విశ్రాంతిదినాన మార్చాలి. హీబ్రూ లో ఉన్నది ముఖం, సన్నిధి అనే అర్థం, మరి ఇంగ్లీషులో "చూపించే రొట్టె" ఎందుకయ్యిందో నాకు ఎప్పటినుంచో సందేహం.

రాజమండ్రి_లెక్చరర్
బైబిల్ని జర్మన్ లోకి అనువదించిన మార్టిన్ లూథర్ వల్ల అమ్మా. ఆయన అందులో "షౌబ్రోట్" అని పెట్టాడు, షౌ అంటే చూడటం, బ్రోట్ అంటే రొట్టె. విలియం టిండేల్ 1530 లో పంచకాండాలు, అంటే బైబిల్లో మొదటి ఐదు పుస్తకాలు, ఇంగ్లీషు చేసినప్పుడు ఆ జర్మన్ మాటని ముక్కకి ముక్క దించేశాడు, కింగ్ జేమ్స్ వాళ్ళు దాన్నే ఉంచుకున్నారు. మనవాళ్ళు లూథర్ జోలికి పోకుండా సన్నిధి అన్నారు, మూలానికి మన మాటే దగ్గర. ఇప్పటి ఇంగ్లీషు బైబిళ్ళు కొన్ని "బ్రెడ్ ఆఫ్ ద ప్రెజెన్స్" అంటున్నాయి, 1982 లో వచ్చిన న్యూ కింగ్ జేమ్స్ మాత్రం పాత మాట ఉంచి ఓకారం చేసింది.

దస్తావేజు_మామ (నల్గొండ)
ఇంగ్లీష్ గ్రామర్ నాకు పెద్దగ రాదు గని జిందగీ అంత దస్తావేజులు రాసిన. వకీలు బాబూ, గీ మాట సూసి పరేషాన్ ఎందుకు? మన తెలుగు కాగితాలల్ల లేదా గిది? "ఫలానా వారికి ఫలానా వారు వ్రాయించి ఇచ్చిన స్థిరాస్తి విక్రయ దస్తావేజు ఏమనగా" అని రాస్తం. గా "ఏమనగా" నే మీ షెవెత్. అది లేకపోతె కింద రాసిందంత దేనికి తగులుకుంటది? ఇంగ్లీష్ సేల్ డీడ్ల ఇంకో చుట్టం ఉంటడు, "నౌ దిస్ డీడ్ విట్నెసెత్". డీడే సాక్ష్యం చెప్తున్నది అని. మా నాయిన కాలంల నిజాం సర్కారుల కాగితం ఉర్దూల ఉండేది, దర్ఖాస్తు మొదలు "గుజారిష్ హై కె", అంటె మనవి ఏమనగా, అని వచ్చేది. ఏ భాషల రాసినా ఎత్తుకునుడు గట్లనే ఉంటది.

జూనియర్_వకీలు
మామా సూపర్. నాకిప్పుడు లైటు వెలిగింది, ఇక్కడ డ్రాఫ్టుల్లో ప్రతి పేరా "దట్" తో మొదలవుతుంది, "దట్ ద పిటిషనర్ ఈజ్ ఎ రెసిడెంట్ ఆఫ్..." అని. ఎందుకు రాస్తున్నారో తెలియక నేను అవి కొట్టేస్తే క్లర్కు మళ్ళీ పెట్టాడు. ఇది దానికి లింకేనా?

దస్తావేజు_మామ
మరి! కె ఉర్దూల ఎట్లనో దట్ అట్ల.

రాజమండ్రి_లెక్చరర్
ఈ మొత్తం చర్చలో ముఖ్యమైన మాట ఇదే, అందరూ ఆగి చదవండి. పిటిషన్ అంతా వ్యాకరణం ప్రకారం ఒకే ఒక్క వాక్యం. "ఫలానా వాడి యొక్క వినయపూర్వకమైన పిటిషన్" అనేది కర్త, "షెవెత్" అనేది క్రియ, ఆ కింద వచ్చే పేరాలన్నీ ఒక్కొక్కటీ "దట్" తో మొదలయ్యే ఉపవాక్యాలు, అన్నీ ఆ ఒక్క క్రియకి వేలాడుతుంటాయి. నలభై పేరాలుంటే నలభై దట్లు. వాక్యం పేజీలకి పేజీలు సాగుతుంది కాబట్టి మధ్యలో నంబర్లు వేశారు, నంబర్లు వేశాక ఫుల్‌స్టాపులు వచ్చాయి, ఫుల్‌స్టాపులు వచ్చాక ఇది ఒకే వాక్యం అన్న సంగతి రాసేవాళ్ళే మర్చిపోయారు. ఇప్పుడు దట్ ఎందుకుందో ఎవరికీ తెలియదు, తీసేయడానికి భయం.

స్కాట్లండ్ లో కోర్ట్ ఆఫ్ సెషన్ అని వాళ్ళ పెద్ద కోర్టు, అక్కడ పిటిషన్ నమూనాలో ఈ మాట ఈకారం స్పెల్లింగుతోనే "హంబ్లీ" తర్వాత వస్తుంది. బ్రిటన్ పార్లమెంటుకి ఇచ్చే పిటిషన్లలో కూడా ఉండేది, ఇప్పుడు "డిక్లేర్స్" అని మార్చుకున్నారు. మన లోక్‌సభ నియమావళి వెనక షెడ్యూల్లో పిటిషన్ నమూనా ఉంది చూడండి, "ద హంబుల్ పిటిషన్ ఆఫ్" అని మొదలై ఈ మాట మీదికే వస్తుంది.

తిక్క_శంకరయ్య
సరే మేడమ్, ఒప్పుకున్నా. కానీ నాకు వచ్చిన ఒక కాగితంలో "ద పిటిషనర్స్ అబవ్ నేమ్డ్ మోస్ట్ రెస్పెక్ట్‌ఫుల్లీ షెవెత్" అని ఉంది. పిటిషనర్లు ముగ్గురు. మీరేమో ఎత్ అంటే ఏకవచనం అన్నారు. ముగ్గురు కలిసి ఏకవచనంలో ఎలా చూపిస్తారు? చొక్కా పాతదైనా పర్లేదు, గుండీలు తప్పుగా పెట్టుకుంటే ఎలా?

రాజమండ్రి_లెక్చరర్
నూటికి నూరుపాళ్ళు కరెక్టు, శంకరయ్య గారూ. పాత పద్ధతిలో కర్త "పిటిషన్", మనిషి కాదు. పిటిషన్ ఒకటే కాబట్టి ఇచ్చేవాళ్ళు వందమంది ఉన్నా ఎత్ సరిపోయేది. ఎవరో మధ్యలో "ద పిటిషన్ ఆఫ్" అన్న ముక్క ఎగరగొట్టి పిటిషనర్లని కర్తని చేశారు, క్రియని మాత్రం కదపలేదు. అక్కడ చెడింది. కర్త బహువచనమైతే ఎత్ రాదు. దానికి దేశాలు దద్దరిల్లిన సాక్ష్యం ఉంది, 1628 లో ఇంగ్లండ్ పార్లమెంటు చార్లెస్ రాజుకి ఇచ్చిన పిటిషన్ ఆఫ్ రైట్. అందులో చెప్పుకునేవాళ్ళు లార్డులు, కామన్స్ సభ్యులు, అంటే బహువచనం. అందుకే అక్కడ "హంబ్లీ షో" అని ఒట్టి క్రియే ఉంటుంది, ఈకారంతోనే, కానీ ఎత్ లేకుండా. ఆ తర్వాత "దట్ వేరాజ్" అని మొదలు.

జూనియర్_వకీలు
నేను ఇప్పుడే మా ఆఫీసు ఫైళ్ళు తిరగేశా, పిటిషనర్స్ అని పెట్టి ఎత్ రాసినవి బోలెడు 🙈 ఎవరూ అబ్జెక్షన్ పెట్టలేదు, రిజిస్ట్రీ వాళ్ళు మార్జిన్లు, పేజీ నంబర్లు చూస్తారు గానీ ఇది చూడరు.

డాలస్_బావ
ఇలాంటి పాత క్రియ అమెరికా రాజ్యాంగంలో కూడా ఒకటి ఉంది. ఎన్నుకోవడం అనే "చూజ్" ని రెండు ఓలతో రాస్తాం కదా, 1787 నాటి ఒరిజినల్ లో ఒక యూ తోనే, సీ హెచ్ యూ ఎస్ ఈ. ప్రతినిధుల సభ తన స్పీకర్ ని ఎన్నుకొనును అనే చోట అదే. ఇక్కడ స్కూల్ పిల్లలు చూసి ఫౌండింగ్ ఫాదర్స్ కి స్పెల్లింగ్ రాదు అనుకుంటారు, మా వాడు కూడా అదే అన్నాడు. ఆ కాలంలో మామూలే, జేన్ ఆస్టిన్ కూడా అలాగే రాసేది. అదే రాజ్యాంగంలో "కంట్రోల్" లో కూడా ఒక యూ ఎక్కువ ఉంటుంది.

కొత్త_చిగురు
ఇంతకీ ఈకారం స్పెల్లింగ్ చివరిగా ఎవరు వాడారు? కోర్టులు కాకుండా, మామూలు రచయితలు.

రాజమండ్రి_లెక్చరర్
చివరివాడెవరో చెప్పడం కష్టం గానీ పట్టుబట్టి వాడినవాడు బెర్నార్డ్ షా. 1950 లో పోయాడు, అప్పటికి అందరూ ఎప్పుడో ఓకారానికి మారిపోయారు, ఆయన నాటకాల అచ్చులో మాత్రం ఈకారమే. అపాస్ట్రఫీలు అనవసరం అని తీసేసి "డోంట్" ని ఒకే మాటగా రాసేవాడు. స్పెల్లింగ్ సంస్కరణ కావాలని అంత పోరిన మనిషి, ఉచ్చారణకి కుదరని ఈ ఒక్క పాత స్పెల్లింగుని వదల్లేదు. నాకైతే ఆయన మొండితనం ముచ్చటగానే ఉంటుంది.

ఆఫీస్_సూపరింటెండెంట్
షోకాజ్ నోటీసు గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాడికి ఆ మాట వింటే నిద్ర పట్టదు. అందులో ఉన్న షో కూడా ఇదే కదా? మా సెక్షన్లో కొత్తగా చేరిన అటెండరు ఒకాయన షోకాజ్ అంటే ఒకే మాట, ఉర్దూ మాట అనుకున్నాడు పాపం, రివాజ్ లాగా.

రాజమండ్రి_లెక్చరర్
అదే. పాత ఇంగ్లీషు కోర్టు కాగితాల్లో ఈకారంతోనే ఉండేది. ఇక్కడ చూపించడం అంటే కంటికి కనపడేట్టు పెట్టడం కాదు, రుజువు చేయడం, సంజాయిషీ చెప్పడం. "మీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో కారణం చూపుము" అంటాం కదా, తెలుగులో కూడా కారణాన్ని చూపిస్తాం. మిగతా చోట్ల షో వినోదం వైపు పోయింది గానీ కోర్టులో, ఆఫీసులో ఆ పాత బరువు పోలేదు.

తిక్క_శంకరయ్య
అంతా బాగుంది. అయినా నా మాట నాదే. కక్షిదారుకి అర్థం కాని మాట కాగితంలో ఎందుకు? వాడి భూమి, వాడి కేసు, వాడి సంతకం. మామ గారి "ఏమనగా" వాడికి తెలుస్తుంది, ఇది ఇంగ్లీషు వచ్చినవాడికే తెలియట్లేదు.

దస్తావేజు_మామ
శంకరన్నా, "ఏమనగా" అందరికి తెలుసు, సరే. మరి "పుత్ర పౌత్ర పారంపర్యముగా" అంటె ఎంతమందికి తెలుసు? అయినా గది తీసేస్తె కొనేటాయన ఒప్పుకోడు. "గా మాట రాయలె, మా తాత కాగితంల ఉన్నది" అంటడు. అర్థం గాకున్నా గది ఉంటెనే కాగితం పక్కా అని మనిషికి ధీమా. నేను తీసి చూసిన, సంతకం పెట్టకుండ కూసున్నరు.

జూనియర్_వకీలు
అప్‌డేట్: మొత్తానికి ధైర్యం చేసి సీనియర్ గారినే అడిగేశా. ఆయన నవ్వి, నేను మా సీనియర్ ని ఎప్పుడూ అడగలేదయ్యా అన్నారు. ఒకరి కంటే ఎక్కువ పిటిషనర్లు ఉన్న ఫైల్లో "ద హంబుల్ పిటిషన్ ఆఫ్" అని ముందు చేర్చమన్నారు, అప్పుడు ఎత్ నిలబడుతుంది కదా. ఈకారం తీసి ఓకారం పెట్టమన్నారు, చదివేవాళ్ళు తడబడకుండా ఉంటారని. దట్లు ఉంచమన్నారు. "స్టేట్స్" సంగతి శంకరయ్య గారి తరఫున నేనే ఎత్తాను, అది ఆయన సొంతంగా పిటిషన్ వేసుకున్నప్పుడు పెట్టుకోమను అన్నారు 😄

తిక్క_శంకరయ్య
వేస్తా. తెలుగులో వేస్తా.

కొత్త_చిగురు
లాస్ట్ డౌట్, మేడమ్. అప్పటివాళ్ళు నిజంగా మాటల్లో కూడా ఎత్ ఎత్ అనేవాళ్ళా? నోరు తిరిగేదా?

రాజమండ్రి_లెక్చరర్
మొదట్లో అనేవాళ్ళే, దక్షిణ ఇంగ్లండ్ లో అదే మామూలు రూపం. ఎస్ ఉత్తరాది నుంచి దిగింది. షేక్స్‌పియర్ కాలానికి రెండూ కలగాపులగం, వెనిస్ వర్తకుడు కోర్టు సీన్లో పోర్షియా దయ గురించి చెప్పేటప్పుడు ఒకే పాదంలో "బ్లెసెత్" అంటుంది, వెంటనే "గివ్స్" అంటుంది, "టేక్స్" అంటుంది, ఛందస్సుకి ఏది సరిపోతే అది. ఆ తర్వాత 1643 లో రిచర్డ్ హాడ్జెస్ అని ఒక స్కూలు మాస్టారు, మనం రాసేది "లీడెత్, మేకెత్" అనే గానీ పలికేది "లీడ్స్, మేక్స్" అని రాసిపెట్టాడు. కాబట్టి మీ షెవెత్ ని అప్పటి గుమస్తా ఎవరైనా "షోస్" అని చదివేసి ఉండొచ్చు కూడా. ఇప్పుడు కోర్టులో అలా చదివితే మాత్రం కాగితంలో ఒకటుంటే ఇంకోటి చదువుతున్నావేంటి అంటారు, షో-ఎత్ అనే చదువు.

నెల్లూరు_స్తుతి
అయితే విట్నెసెత్ ని కూడా విట్నెసెస్ అనేవాళ్ళా? అది ఇంకా కష్టం కదా మేడమ్ 😅

రాజమండ్రి_లెక్చరర్
దానికి మామ గారే దిక్కు. మామగారూ, మీ సబ్ రిజిస్ట్రారు ఏమని చదివేవారు?

దస్తావేజు_మామ
సబ్ రిజిస్ట్రారు అసలు సదివితె గద మేడమ్. స్టాంపు డ్యూటీ ఎంత గట్టిన్రు అనే సూశేది.